వంటింటి గాలిని ఎక్కడ కొలవాలి, ఎవరి కోసం కొలవాలి?
(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం 'ఇంటి గాలి పరీక్ష'. ఇదేదో ఇంజనీర్ల వ్యవహారం, స్త్రీల హక్కులతో దీనికేం సంబంధం అని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. గాలిని కొలవడానికి యంత్రం కావాలి, నిజమే. కానీ దాన్ని ఏ గదిలో పెట్టాలి, ఏ వేళప్పుడు నడపాలి, ఎవరి ఒంటికి తగిలించాలి అన్నది యంత్రం చెప్పదు. అది తేలాలంటే ఆ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో, ఎంతసేపు చేస్తారో తెలియాలి. శ్రమ విభజన గురించి ఇన్నేళ్ళుగా మాట్లాడుతున్న మనకి ఇది కొత్త విషయమేమీ కాదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన దేశంలో వాయు కాలుష్య నివారణ చట్టం 1981లో వచ్చింది. 2009లో సవరించిన జాతీయ ప్రమాణాల ప్రకారం, రెండున్నర మైక్రాన్లకు మించని సన్న ధూళి 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ఈ ప్రమాణం ఆరుబయటి గాలికి. ఇక పనిచేసే చోటు సంగతంటారా, భోపాల్ విషాదం తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి కార్మికుడు పీల్చే గాలిలో ఏ రసాయనం ఎంతకు మించకూడదో పట్టిక చేర్చారు. వంటిల్లు వీధి కాదు, ఫ్యాక్టరీ అంతకన్నా కాదు. రోజుకి నాలుగైదు గంటలు ఒక మనిషి నిప్పు ముందు కూర్చుని పనిచేసే చోటు ఈ రెండింటి లెక్కలోకీ రాలేదు. కాలుష్యం లేని గాలిని పొందడం జీవించే హక్కులో భాగమేనని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఆ మాట ఇంటి గడప దాటి లోపలికి రావాలంటే లోపల ఏముందో ఎవరో ఒకరు కొలిచి చూపాలి.

కొలిచినవాళ్ళు లేకపోలేదు. కిర్క్ స్మిత్, ఆయన సహచరులు గుజరాత్‌లోని నాలుగు గ్రామాల్లో, వంట చేసే స్త్రీల ఒంటికే చిన్న పంపు తగిలించి కొలిచారు. 1983లో ఫలితాలు ప్రచురించారు. వంట జరిగేటప్పుడు వాళ్ళు పీల్చే గాలిలో మొత్తం ధూళి ఘనపు మీటరుకి సుమారు 7 మిల్లీగ్రాములు, అంటే 7,000 మైక్రోగ్రాములు. అప్పటిదాకా కట్టెల పొయ్యి అంటే అడవుల నరికివేత, ఇంధన కొరత అనే చర్చే ఎక్కువ. పొయ్యి ముందున్న మనిషి ఊపిరితిత్తుల ప్రసక్తి తక్కువ.

మనకింకా దగ్గరి ఉదాహరణ ఉంది. చెన్నై శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో, 15 గ్రామాల్లో, 420 ఇళ్ళలో గాలిని పరీక్షించింది. ఫలితాలు 2004లో వెలువడ్డాయి. ఊపిరితిత్తుల లోతుకి చేరగల ధూళి 24 గంటల సగటు గ్యాస్ వాడే ఇళ్ళలో 73 మైక్రోగ్రాములైతే, ఘన ఇంధనం వాడే ఇళ్ళలో 732 దాకా ఉంది. (వాళ్ళు కొలిచిన ధూళి రేణువుల పరిమాణం కాస్త వేరు, కనుక ఇందాకటి 60తో అచ్చంగా పోల్చకండి. తేడా ఏ స్థాయిదో మాత్రం అర్థమవుతుంది.)

ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వేరే విషయం. ఇంటి గాలి ఎంత చెడ్డదన్నది ఒక లెక్క, ఏ మనిషి ఎంత పీల్చిందన్నది ఇంకొక లెక్క. వాళ్ళు రెండూ వేశారు. కట్టెలు వాడే ఇళ్ళలో అందరికన్నా ఎక్కువ పొగ పీల్చినది వంట చేసే స్త్రీలు. స్త్రీలలో 15 నుంచి 40 ఏళ్ళ వయసువాళ్ళు ముందున్నారు. అంటే కోడళ్ళు, పెళ్ళికాని కూతుళ్ళు, గర్భిణులు, చంటిపిల్లల తల్లులు. మగవాళ్ళలో ఎక్కువ పీల్చినది 65 నుంచి 80 ఏళ్ళవాళ్ళు, ఇల్లు కదలలేని ముసలివాళ్ళు. పొలానికి, బజారుకి వెళ్ళగలిగిన వయసులో ఉన్న మగవాడికి ఆ పొగ అంతగా అంటలేదు. 'కుటుంబం' అనే ఒకే లెక్క వేసి ఉంటే ఈ తేడాలన్నీ సగటులో కలిసిపోయేవి.

ఇప్పుడు మీరు చేయబోయే పని గురించి. చౌకగా, చేతిలో ఇమిడే యంత్రాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అవి ధూళిని తూచవు. గాలిలోకి వెలుతురు పంపి, అది ఎంత చెదిరిందో చూసి అంచనా కడతాయి. గాలిలో తేమ ఎక్కువైతే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. నమ్మదగిన పద్ధతి పాతదే. పంపుతో గాలి లాగి, వడపోత కాగితం మీద పడిన ధూళిని ముందూ వెనకా తూచి లెక్కకట్టడం. అది ప్రయోగశాల పని. అందుకని మీ యంత్రాన్ని ఆ పద్ధతితో ఒకసారి సరిచూడకుండా ఊళ్ళోకి తీసుకెళ్ళకండి. పోతే, కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు, ధూళి యంత్రానికి అది దొరకదు. తలుపులు మూసి బొగ్గుల కుంపటి వాడే ఇళ్ళలో దానికి వేరే యంత్రం కావాలి. దోమల చుట్టలని మర్చిపోకండి. ఒక్క చుట్ట కాలితే వచ్చే సన్న ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో ప్రచురించిన ఒక పరిశోధన తేల్చింది. బస్తీల్లో ఒకే గదిలో తల్లీపిల్లలు రాత్రంతా పీల్చేది అదే.

యంత్రాన్ని దూలానికి వేలాడదీస్తే పొగ పైకి పోతుంది కనుక ఎక్కువ చూపిస్తుంది, గుమ్మం దగ్గర పెడితే తక్కువ. కింద కూర్చుని వండే ఇంట్లో ఆమె ముక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో, పొయ్యికి ఒక మీటరు దూరంలో పెట్టండి. ఒక గంట కొలిచి రాకండి, పూర్తిగా ఒక రోజు ఉంచండి. పెద్దవంట సంగతి సరే, తెల్లవారుజామున స్నానాల నీళ్ళు కాగటం, పశువులకి కుడితి కాయడం మీ గంటలోకి రావు. వానాకాలం కొలత వేరు, వసారాలో వండే ఎండాకాలం కొలత వేరు. ఇంకొకటి, మీరు వస్తున్నారని తెలిస్తే ఆ రోజు గ్యాస్ పొయ్యి మీదే వండుతారు. వాళ్ళని తప్పుపట్టలేం. ఇంటికి పరీక్ష అంటే ఇల్లాలి శుభ్రతకి పరీక్ష అనే మనకందరికీ నేర్పారు. కనుక మొదటి రోజు లెక్క పక్కన పెట్టి, రెండో రోజుది చూడండి.

'ఇప్పుడందరికీ గ్యాస్ ఉంది కదా' అంటారు అధికారులు. 1983లో మొదలై 2002లో ఆగిపోయిన పొగలేని పొయ్యిల పథకం, 1999లో వచ్చిన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల అన్నీ చూశాం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 90 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతానికి పైగా ఇళ్ళలో వంటకి శుభ్రమైన ఇంధనం వాడుతున్నారు. ఇది చిన్న మార్పు కాదు. కానీ సర్వే అడిగేది ముఖ్యమైన ఇంధనం ఏదని. పెరట్లో ఇంకా వెలుగుతున్న రెండో పొయ్యి ఆ ప్రశ్నలో పట్టదు. పత్తికట్టె, కందికట్టె ఊరికే దొరుకుతాయి, సిలిండర్‌కి డబ్బు కావాలి, ఆ డబ్బు ఆమె చేతిలో ఉండదు. ఆడవాళ్ళకి అలవాటు పోలేదని రాసే నివేదికలంటే నాకు చిరాకు. సిలిండర్ తెప్పించాలా వద్దా అన్న నిర్ణయం ఎవరిదని వాటిలో ఒక్క ప్రశ్న కూడా ఉండదు.

అలాగని లేనిపోని హామీలు మనం ఇవ్వకూడదు. భారత్, గ్వాటెమాలా, పెరూ, రువాండా దేశాల్లో సుమారు 3,200 మంది గర్భిణులతో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. మన దేశంలో అది జరిగింది తమిళనాడులో. గ్యాస్ అందిన స్త్రీలు పీల్చిన సన్న ధూళి 24 మైక్రోగ్రాములకి తగ్గింది, అందని వాళ్ళకి 70 దాకా ఉంది. అయినా పుట్టిన బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కనుక 'గ్యాస్ వాడితే బిడ్డ బరువు పెరుగుతుంది' అని పోస్టర్ వేయకండి. ఫలితం ఇంకెక్కడైనా ఉండొచ్చు, ఇంకా ముందునుంచి వాడాల్సి ఉండొచ్చు. పొగ మంటకి కళ్ళు నీళ్ళు కారకుండా వండుకోవడం ఆమె హక్కు అనడానికి బిడ్డ బరువు సాక్ష్యం అక్కర్లేదు.

చివరగా అనుమతి గురించి. యంత్రం పెడతామని ఇంటాయన్ని అడిగి వచ్చేయడం మనవాళ్ళకి అలవాటు. అత్తగారు ముందుకొచ్చి జవాబులన్నీ చెబుతుంది, పొయ్యి దగ్గరున్న కోడలు తలెత్తదు. ఆమెతో విడిగా మాట్లాడండి. వద్దంటే వద్దు. ఒప్పుకుంటే వచ్చిన అంకెని ఆమెకే ముందు చెప్పండి, చదువు రాకపోతే పక్కింటి అంకెతో, బయటి వీధి అంకెతో పోల్చి చెప్పండి. 'కిటికీ తీసుకోమ్మా' అని సలహా ఇచ్చి లేవకండి. కిటికీయే లేని ఇంటికి కిటికీ ఎవరు పెట్టిస్తారు, సిలిండర్ ధర ఎవరు కట్టాలి అన్నది పంచాయతీలో అడగాల్సిన ప్రశ్న. ఆ సభలో చదవడానికి ఆమె ఒప్పుకుంటేనే పేరు చెప్పండి, లేకపోతే వాడ మొత్తం అంకెలు కలిపి చదవండి.

ఇక యంత్రాన్ని విప్పి చూపిస్తాను. వెనక ఉన్నవాళ్ళు కాస్త దగ్గరికి రండి.