పల్లీ గింజ – లేజర్ వెలుగు
(బహ్రెయిన్ తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊరి నుంచి తిరిగి వచ్చేటప్పుడు మన సూట్‌కేసులో ఆవకాయ పక్కన పల్లీల పొట్లం కూడా ఉంటుంది. దాన్ని ఈ మనామా ఉక్కలో వంటింటి అలమరలో పెట్టి మరిచిపోతాం. ఈ రోజు ఆ పొట్లం గురించే నాలుగు మాటలు.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయాయి. వాటికి మేతగా వేసిన వేరుశనగ పిండిలోని బూజే కారణం. ఆ బూజు విషం పేరు అఫ్లటాక్సిన్. 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించారు. కారణం ఈ విషమేనని 1975లో లోకానికి తెలిపినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి తిన్నా కాలేయ క్యాన్సర్‌కు దారి తీస్తుంది.

ఈ విషం కంటికి కనబడదు. కాని అతినీలలోహిత కాంతి పడితే మెరుస్తుంది. అందుకే పరీక్షలో గింజల సారాన్ని సన్నని పొడి దట్టించిన గొట్టంలోంచి ఒత్తిడితో నెడతారు. అందులోని పదార్థాలు విడివిడిగా బయటికి వస్తాయి. ఇదే లిక్విడ్ క్రొమటోగ్రఫీ. వచ్చినదాని మీద కాంతి వేసి మెరుపును కొలుస్తారు. 1977లో డీబోల్డ్, జేర్ అనే శాస్త్రవేత్తలు మామూలు దీపానికి బదులు లేజర్ వాడారు. లేజర్ కాంతినంతా ఒక్క చుక్క మీదికి తేవచ్చు. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే, అందులో ఒక్క భాగం కన్నా తక్కువ విషాన్ని కూడా వారు పట్టుకోగలిగారు!

అయితే ఒక చిక్కు ఉంది. బస్తాలో వేల గింజలు బాగుండి, ఏ ఒక్కదానిలోనో విషమంతా ఉండవచ్చు. పరీక్షకు తీసిన గుప్పెట్లో ఆ గింజ రాకపోతే లేజర్ మాత్రం ఏం చేస్తుంది? యంత్రం ఎంత సూక్ష్మమైనా, దాని ముందు పెట్టినదాన్నే చూస్తుంది.

కనుక అసలు కాపలా పొలంలోనూ, మన వంటింట్లోనూ ఉంది. రైతు కాయను బాగా ఎండబెట్టాలి. మనం ముడతపడినవీ, రంగు మారినవీ, బూజు పట్టినవీ ఏరి పారేయాలి. వేయిస్తే విషం పూర్తిగా పోదు. మిగిలినవాటిని గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి.

మన అమ్మమ్మలు చేటలో పోసి గింజ గింజా ఏరేవారు. లేజర్ వచ్చినా ఆ పని మనకు తప్పలేదు.