దారం బంతి ముచ్చట
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో బోధన్ వైపు సంఘాల తరఫున చేసిన ప్రసంగం)



ఈ ఏడు మేము ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్న పని పేరు తెమారి. జపాన్ మాటలో చేతి బంతి అని అర్థం. అక్కడ తల్లులు, నాయనమ్మలు పాత బట్టల పేలికలు ఉండ చుట్టి, పైన దారంతో పువ్వులు కుట్టి పిల్లలకు ఆడుకోను ఇచ్చేవాళ్లు. రబ్బరు బంతులొచ్చినంక ఆట తగ్గింది, బంతి అలంకారంగా, కానుకగా నిలిచింది.

ఆ దేశంలో కగావా అనే సీమ ఉన్నది, పాత పేరు సనుకి. పత్తి, చక్కెర, ఉప్పు – ఈ మూడూ అక్కడి 'మూడు తెలుపులు'. చెరుకు నేల కాబట్టి వినంగనే మాకు చుట్టాల ఊరు లెక్క తోచింది. వాళ్ల బంతికి పైన నూలు దారం, లోపల వరి ఊక. మన శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డది, చెరుకూ తగ్గింది. ఊకకు మాత్రం కరువు లేదు, ఏ రైస్ మిల్లుకు పోయినా దొరుకుతది.

ఊకను పల్చటి కాయితంలో మూట కట్టి, నొక్కుకుంట దారం చుట్టాలె. ఒకే దిక్కు చుడితే కోడిగుడ్డు తీరుగ అయితది, అందుకే తిప్పుకుంట చుట్టాలె. పైపొరకు సన్న దారం. కొలతకు స్కేలు పనికిరాదు. కాయితం పట్టీని బంతి చుట్టూ తిప్పి కత్తిరించి మడిస్తే సగం, మళ్లా మడిస్తే పావు తెలుస్తది. తలకొక గుండుసూది, అడుగుకొకటి, నడుము చుట్టూ ఎనిమిది. వాటి మీదుగ దారం లాగితే పుచ్చకాయ చారల్లాగ ఎనిమిది భాగాలొస్తయి. ఆ చారల మీద పైకీ కిందికీ కుట్టుకుంట పోతే చామంతి పువ్వు లేస్తది. వరుసవరుసకూ రంగు మార్చి బతుకమ్మను పేర్చే చేతికి ఇది కొత్త కాదు. ముడి కనిపించొద్దు, దారం కొసను బంతి లోపలికే దూర్చాలె.

బీడీలు చుట్టే అక్కలు అందరికన్న ముందు పట్టుకున్నరు. తునికాకుకు దారం బిగించే వేళ్లకు బిగువు సంగతి ఎవరూ చెప్పే పని లేదు. పట్నం బస్తీల సంఘాలకు నేర్పెటందుకు వాళ్లనే పంపినం. అక్కడ ఒకామె అడిగింది: "వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క ఉన్నది. మరి దీనికి లెక్కేంది?"

అసలు ప్రశ్న అదే. ఒక్క బంతికి మాకు రెండు మధ్యాహ్నాలు పడుతున్నయి. ఒక దుకాణదారు అడిగిన ధరకిస్తే, దారం ఖర్చు పోను బీడీ కూలి కూడా గిట్టదు. అందుకే దారం నిల్వకు బ్యాంకు లింకేజీ అప్పు తీసుకుందామన్న మాటకు మేము ఒప్పుకుంటలేము. బంతులు అమ్ముడుపోకున్నా కిస్తీ ఆగదు కదా. బీడీ పని మానుకోమని కూడా ఎవ్వరికీ చెప్తలేము. ముందు గంటల లెక్క రాసి ఒక కనీస ధర కడదాం, దానికి తక్కువకు ఏ సంఘమూ అమ్మొద్దని ఈ సమావేశంలోనే తీర్మానం చేయాలని మా కోరిక. రాత్రి లైటు కింద కుట్టుడు వద్దు, కండ్లు అలిసిపోతయి.

గుమ్మం పక్క బల్ల మీద పదకొండు బంతులు పెట్టినం. అన్నాలు తిన్నంక రండి. ఊక, దారం, సూదులు తెచ్చినం, మొదటి చుట్టు ఈడనే పట్టిస్తం.