మిషను కాదంటే మనం కాకుండా పోతామా?

నేను చదివింది ఎనిమిదో తరగతి. పెద్ద మాటలు నాకు రావు. చేనేత సొసైటీ సెక్రటరీగా నేను రోజూ చూసే సంగతి ఒకటి చెప్తాను. అది ఆధార్ సంగతి.

ఆధార్ సంస్థను 2009లో పెట్టినారు. మొదట దాన్ని నడిపినాయన మన బెంగళూరు నందన్ నీలేకణి గారు. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలో తెంభలీ అనే పల్లెలో మొదటి నంబరు ఇచ్చినారు. ఈ పొద్దుకు 130 కోట్ల మందికి పైగా 12 అంకెల నంబరు ఉంది. దీనివల్ల మంచి జరగలేదని నేను అనను. మునుపు సర్కారు డబ్బు నలుగురి చేతులు దాటి వచ్చేది. ఇప్పుడు నేకార సమ్మాన్ డబ్బయినా, ఆడవాళ్ళ గృహలక్ష్మి డబ్బయినా నేరుగా ఖాతాలో పడతా ఉంది.

మరి చిక్కు యాడుంది? మొదటిది వేలి దగ్గర ఉంది. మనది వేళ్ళ పని. వై.ఎన్. హొసకోటలో పట్టుచీరలు నేసేవాళ్ళను చూడండి. కొత్త పడుగు అతికేటప్పుడు వేలకొద్దీ పోగులు వేళ్ళ నడుమ పెట్టి మెలివేయాల. రంగులు వేసేవాళ్ళ చేతులు వేడినీళ్ళలో నాని నాని తోలు లేస్తాయి. అరవై దాటేసరికి గీతలు అరిగిపోతాయి. రేషన్ అంగడిలో మిషను మీద వేలు పెడితే సరిపోలేదంటుంది. ఇన్నేండ్లు కష్టపడిన గుర్తే ఆ అరుగుదల. మిషనుకు ఆ సంగతి తెలీదు.

ఇది మన ఒక్కరి గోడు కాదు. కేంద్రం వాళ్ళ 2016-17 ఆర్థిక సర్వేలోనే అప్పటి అంచనాలు రాసినారు. గుర్తింపు సరిపోక ఆగినవి కృష్ణా జిల్లాలో నూటికి 5, గుజరాత్‌లో 6, రాజస్థాన్‌లో 37, జార్ఖండ్‌లో 49. నూటికి అయిదే కదా అంటారేమో. నూరిండ్ల నేత వీధిలో అయిదిండ్ల పొయ్యి అది.

రెండో చిక్కు పేరు. పావగడకు మూడు దిక్కులా ఆంధ్రానే. మన కోడండ్లు మడకశిర నుంచి, ధర్మవరం నుంచి, హిందూపురం నుంచి వస్తారు. ఆ పక్క ఇంటిపేరు ముందు రాస్తారు. ఈ పక్క ఊరి పేరో, తండ్రి పేరో పొడి అక్షరం పెడతారు. పుట్టింటి ఆధార్‌లో తెలుగు, ఇక్కడి రేషన్ కార్డులో కన్నడం, బ్యాంకు పుస్తకంలో ఇంగ్లీషు. మనిషి ఒకటే, పేర్లు మూడు. కంప్యూటరుకు ముగ్గురు మనుషులు.

మూడోది ఫోను. రీఛార్జి చేయక సిమ్ము పోతుంది. ఆధార్‌లో మాత్రం పాత నంబరే ఉంటుంది. ఓటీపీ యాడికి పోతుందో ఎవరికీ తెలీదు.

దీని మీద సుప్రీంకోర్టుకు పోయింది కూడా మన కర్ణాటక పెద్దమనిషే. హైకోర్టు జడ్జిగా రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి గారు 2012లో, 86 ఏండ్ల వయసులో కేసు వేసినారు. 2018 సెప్టెంబరు 26న తీర్పు వచ్చింది. సర్కారు సాయానికి ఆధార్ అడగొచ్చన్నారు. బ్యాంకు ఖాతాకు, సిమ్ముకు తప్పనిసరి చేయకూడదన్నారు. వేలిముద్ర పడలేదని అర్హులకు రావలసింది ఆపమని సర్కారే కోర్టులో చెప్పింది. అంతకు ముందే, 2017 అక్టోబరులో, వేలు పడకపోతే వేరే దారి చూపాలని ఆధార్ సంస్థ శాఖలకు రాసింది.

కాబట్టి మిషను కాదంటే తలవంచుకుని ఇంటికి రావద్దండి. పడుగులో పోగు తెగితే చీరంతా పారేస్తామా? కొస వెతికి అతుకుతాం. ఇదీ అంతే. చేయి కడిగి తుడుచుకుని తక్కిన వేళ్ళు కూడా పెట్టండి. పది వేళ్ళ గుర్తులూ వాళ్ళ దగ్గర ఉన్నాయి. అదీ కాకపోతే కంటి గుర్తు అడగండి, ఓటీపీ అడగండి. ఏదీ కాకపోతే పుస్తకంలో రాసుకుని ఇవ్వమని నిదానంగా అడగండి. ఇవ్వమంటే, ఎందుకు ఇవ్వరో కాగితం మీద రాసిమ్మనండి. ఫిర్యాదు నంబరు 1947. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, మరిచిపోయేది కాదు. పిల్లలకు అయిదేండ్లకు ఒకసారి, పదహైదేండ్లకు ఒకసారి వేలిముద్రలు తీయించాల. ముక్కూమొగం తెలియనోడు మిషను తెచ్చి వేలు పెట్టమంటే పెట్టొద్దండి. ఆ వేలితోనే ఖాతాలో డబ్బు తీయొచ్చు.

సమాఖ్య పెద్దలకు రెండు మనవులు. ఏడాదికొకసారి ఆధార్ సెంటరు వాళ్ళను నేత వీధికే పిలిపించండి, మంచాన పడిన ముసలోళ్ళ ఇండ్లకు కూడా తీసుకుపోండి. వేలు పడనివాళ్ళకు ఉన్న వేరే దారి ఏదో, ప్రతి రేషన్ అంగడిలో తెలుగులో, కన్నడంలో బోర్డు మీద రాయించమని తాలూకు ఆఫీసుకు అర్జీ పెట్టండి.

మా సొసైటీలో నేను ఒక పుస్తకం పెడతా ఉన్నాను. ఎవరి పేరు ఏ కార్డులో ఎట్లుందో, ఏ ఫోను నంబరు ఉందో, ఎవరి వేలు పడలేదో అందులో రాస్తాను. ఆధార్ నంబరు మాత్రం రాయను, అది మీ దగ్గరే ఉండాల. కూలి తీసుకునే రోజు మూడు కార్డులూ పట్టుకుని రండి. తక్కిన సొసైటీల సెక్రటరీలు కూడా ఈ పని చేస్తే, అర్జీ పెట్టే రోజు మన చేతిలో లెక్క ఉంటుంది.