తీపి వెళ్ళిపోయాక పండులో మిగిలేది



ఒక పుల్ల చెర్రీ నోట్లో వేసుకున్నామనుకోండి. పులుపుతో పాటే కాస్త తీపి తగులుతుంది. మన ధ్యాస వెంటనే ఆ తీపి మీదికి పోతుంది. తొక్కలోని వగరు, గింజ దగ్గరి చిరుచేదు, రసంలో ఉన్న పూలవాసన దాని చాటున ఉండిపోతాయి. ఆ తీపి ఒక్కదాన్నీ తీసేసి తక్కిన పండునంతా ఉంచగలిగితే ఎలా ఉంటుంది? బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లోనూ, దాని పక్కనున్న సెన్ నది లోయలోనూ కొన్ని కుటుంబాలు తరతరాలుగా ఈ పని చేస్తున్నాయి. అలా తయారయ్యే బీరును క్రీక్ అంటారు. పుల్ల చెర్రీకి అక్కడి ఫ్లెమిష్ పేరే అది.

ఈ పూట క్రీక్‌ను రుచి చూడటం ఎలాగో మాట్లాడుకుందాం. మద్యం తీసుకోని శ్రోతలు కూడా ఉండండి. నా మాటల్లో ఎక్కువభాగం ముక్కుతో, నాలుకతో శ్రద్ధగా గమనించడం గురించే.

బ్రస్సెల్స్‌లో ఆండర్లెక్ట్ అనే పేట ఉంది. పెద్ద రైల్వేస్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం. అక్కడి ఒక మామూలు వీధిలో, పెద్ద బోర్డు కూడా లేని పాత భవనంలో కాంటియోన్ బ్రూవరీ ఉంది. 1900లో పాల్ కాంటియోన్ మొదలుపెట్టాడు. ఆ ఇంటి అల్లుడు జాన్ పియర్ వాన్ రాయ్ 1978లో బ్రూవరీని పనిచేస్తూనే ఉండే మ్యూజియంగా మార్చి జనానికి తలుపులు తెరిచాడు. పుల్లబీరు ఎవరికీ పట్టని రోజులవి. ఇప్పుడు ఆయన కొడుకు జాన్ వాన్ రాయ్ నడుపుతున్నాడు. ఇక్కడ తయారయ్యే చెర్రీ బీర్లలో అరుదైనది, నా మనసుకు అన్నిటికంటే దగ్గరైనది లూ పెపె క్రీక్.

దీనికి ఆధారం లాంబిక్ అనే బీరు. అరవై అయిదు పాళ్ళు మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, ముప్పై అయిదు పాళ్ళు పచ్చి గోధుమ. వీటిని వేడినీళ్ళలో నానబెట్టి రసం తీసి, గంటల తరబడి మరిగిస్తారు. అందులో వేసే హాప్స్ పూలు తాజావి కావు, ఏళ్ళ తరబడి నిలవపెట్టినవి. చేదు, వాసన చాలావరకు పోయి, బీరు చెడిపోకుండా కాపాడే గుణం మాత్రం మిగిలినవి. మరిగిన రసాన్ని అటక మీద ఉన్న వెడల్పాటి, లోతు తక్కువున్న రాగితొట్టిలో పోసి రాత్రంతా వదిలేస్తారు. పైకప్పులో గాలి ఆడటానికి సందులుంటాయి. తెల్లారేసరికి రసం ఇరవై డిగ్రీల దగ్గరికి చల్లబడుతుంది. ఆ రాత్రి గాలిలోని సూక్ష్మజీవులు, ఆ అటకనీ పీపాలనీ అంటిపెట్టుకుని ఉన్నవీ అందులో చేరతాయి. మామూలు బీరులోలాగా ఎవరూ ఈస్ట్ కలపరు.

కల్లు తెలిసిన మనవాళ్ళకు ఇది అంత వింతగా తోచదు. తాటిచెట్టు నుంచి పొద్దున దింపిన లొట్టిలోని నీరా ఎవరూ ఏమీ కలపకుండానే పులుస్తుంది. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పుల్లబడి సాయంత్రానికి ఘాటెక్కుతుంది. సూత్రం ఒకటే. మన ఎండలో ఒక్క పూటలో జరిగే పని బ్రస్సెల్స్ చలిలో రెండు మూడేళ్ళు జరుగుతుంది. ఆ నిదానం వల్ల వచ్చే రుచుల గురించే నేను చెప్పబోతున్నది.

చలి అన్నాను కదా, అది చాలా అవసరం. అందుకే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా మాత్రమే లాంబిక్ కాస్తారు. వేసవి రాత్రుల్లో రసం త్వరగా చల్లబడదు, అక్కర్లేని జీవులు చేరతాయి. 2015 నవంబరులో రాత్రులు మరీ వెచ్చగా ఉండటంతో కాంటియోన్ కొంతకాలం కాచడం ఆపుకోవాల్సి వచ్చింది. వాతావరణం మారుతోందన్న మాట నన్ను ఎప్పుడూ భయపెట్టేదే. ఒక రుచి పుట్టడానికి ఇన్ని చల్లని రాత్రులు కావాలని తెలిశాక ఆ భయం ఇంకా దగ్గరగా వచ్చింది.

తెల్లారాక రసం పీపాల్లోకి వెళుతుంది. ఓక్ చెక్క పీపాలు, ఒకప్పుడు వైన్ ఉన్నవి. అందులో ఒకదాని తర్వాత ఒకటిగా జీవుల వంతులు నడుస్తాయి. తొలి దశల్లో మామూలు ఈస్ట్ సులువుగా దొరికే చక్కెరలను తినేసి ఆల్కహాల్ చేస్తుంది. తర్వాత పీడియోకాకస్ అనే బాక్టీరియా నిదానంగా లాక్టిక్ ఆమ్లం చేస్తుంది. ఆ దశలో బీరు నూనెలా తీగలు సాగుతుంది. చూస్తే పాడైపోయిందనే అనుకుంటాం. ఆపైన బ్రెటనోమైసెస్ అనే అడవి ఈస్ట్ ఆ జిగురును తినేసి బీరును తేటపరుస్తుంది. తక్కిన ఈస్టులు ముట్టని చక్కెరలను కూడా ఇది వదలదు. ఈ ఈస్ట్‌కు ఆ పేరు పెట్టింది డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన క్లౌసెన్, 1904లో. నిలవపెట్టిన ఇంగ్లండ్ బీర్లలో దాన్ని గుర్తించాడాయన. చాలామంది వైన్ తయారీదారులు దీని పేరు చెబితేనే హడలిపోతారు, వాళ్ళ పీపాల్లో ఇది చేరితే సరుకు చెడిందన్నమాట. లాంబిక్‌కు మాత్రం ప్రాణం అదే.

కాంటియోన్‌లో పీపాల మధ్య సాలెగూళ్ళు కనిపిస్తాయి. వాటిని దులపరు. పండ్ల మీద వాలే చిన్న ఈగలు బీరును వెనిగర్‌గా మార్చే బాక్టీరియాను మోసుకొస్తాయి. వాటిని సాలెపురుగులు పట్టుకుంటాయి.

ఇక పండు సంగతి. బ్రస్సెల్స్‌లో కలిసిపోయిన స్కార్‌బేక్ ఒకప్పుడు చెర్రీతోటల ఊరు. అక్కడి రైతులు గాడిదల మీద పళ్ళు వేసుకుని సంతకు వచ్చేవారు. అందుకే ఆ ఊరికి గాడిదల ఊరనే పేరు నేటికీ ఉంది. చిన్నగా, ముదురు ఎరుపుతో, లోపల పెద్ద గింజతో ఉండే ఆ చెర్రీ క్రీక్‌కు ఆదిపండు. నగరం పెరిగి తోటలు పోయాయి. ఇప్పుడు ఎక్కువమంది తయారీదారులు బయటి ప్రాంతాల పుల్ల చెర్రీలనే వాడుతున్నారు. కాంటియోన్ మామూలు క్రీక్‌కు లీటరు బీరుకు సుమారు రెండువందల గ్రాముల పండు వేస్తే, లూ పెపెకు మూడువందల గ్రాములు వేస్తారు. దానికి ఎంచుకునేది రెండేళ్ళ లాంబిక్, అదీ రుచి బాగా కుదిరిన పీపాల నుంచి. పండును గింజతో సహా పీపాలోకి పోస్తారు. కొద్దిరోజుల్లో పళ్ళలోని చక్కెర కోసం ఈస్ట్ మళ్ళీ లేస్తుంది, నురుగు కడుతుంది. నెలలు గడిచేసరికి ఆ చక్కెరంతా ఖర్చయిపోతుంది. రంగు, వగరు, వాసన బీరులో ఉండిపోతాయి.

ఇందులో కళ ఎక్కడుందని అడిగేవారుంటారు. సగం పని గాలి, చెక్క, ఈస్ట్ చేసినప్పుడు మనిషి చేసిందేమిటి? నా దృష్టిలో ఎంపికే ఆ కళ. ఒకే రోజు కాచిన రసం పక్కపక్క పీపాల్లో పోసినా రెండూ రెండు రకాలుగా తయారవుతాయి. ఒకటి మెత్తగా ఉంటుంది, ఒకటి కరుస్తుంది, ఒకటి వెనిగర్ వైపు జారుతుంది. పీపా పీపాకూ రుచి చూసి, దేనికి పండు తోడవ్వాలో, దేన్ని మరో ఏడాది ఆగనివ్వాలో తేల్చాలి. ఆ తీర్పు నాలుకది, జ్ఞాపకానిది. యంత్రం కొలిచి చెప్పేది కాదు.

ఇప్పుడు గ్లాసు దగ్గరికి వద్దాం. సీసా పడుకోబెట్టి ఉంటుంది. అడుగున మడ్డి ఉంటుంది కాబట్టి దాన్ని నిటారుగా లేపకుండా అలాగే అల్లిన చిన్న బుట్టలో పెట్టి బిరడా తీస్తారు. ఫ్రిజ్ చల్లదనం వద్దు. నేలమాళిగలో ఉండే పన్నెండు, పదమూడు డిగ్రీలు చాలు. మరీ చల్లగా ఉంటే పులుపు తప్ప ఇంకేమీ తెలియదు.

పోయగానే ముందు చూడండి. గులాబీరంగు నురుగు లేచి వెంటనే చల్లారిపోతుంది. కొత్తదైతే రంగు ముదురు ఎరుపు. సీసాలో ఏళ్ళు గడిచినకొద్దీ అది ఇటుకరంగు వైపు తిరుగుతుంది. పండు వాసన కూడా తగ్గుతుంది. కొందరు ఈ బీరును పదేళ్ళు దాస్తారు. నాకది సబబుగా అనిపించదు. పండు లేని గ్యూజ్ అనే బీరుకు ఆ నిలవ బాగుంటుంది, పండు బీరును మాత్రం పండు మాట్లాడుతుండగానే తాగాలి.

తర్వాత వాసన. గ్లాసును ఊపకుండా ఒకసారి, ఊపి ఒకసారి. మొదట చెర్రీ వస్తుంది. దాని వెనక చేదు బాదం వాసన ఉంటుంది. అది గింజలోంచి వచ్చింది, బెంజాల్డిహైడ్ అనే పదార్థం వల్ల. గింజ తీయకుండా పోయడం ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. ఇంకాస్త ఆగితే గుర్రపుశాల, తడిసిన ఎండుగడ్డి, పాత తోలు లాంటివి తగులుతాయి. మొదటిసారి ఇది విన్నవాళ్ళు ముఖం ముడుచుకుంటారు. ఆ వాసన బ్రెటనోమైసెస్ చేసిన ఇథైల్ ఫినాల్స్ నుంచి వస్తుంది. అది ఒక్కటే ఉంటే ఎవరూ తాగలేరు. చెర్రీ పక్కన కాస్తగా ఉన్నప్పుడు పండుకు మట్టి తోడైనట్టుంటుంది, లోతు వస్తుంది. నెయిల్ పాలిష్ వాసన గట్టిగా కొడితే మాత్రం ఆ సీసాలో ఏదో అదుపు తప్పిందని గుర్తు.

మొదటి గుక్కతో తీర్పు చెప్పకండి. ఆ గుక్క నోటిని సిద్ధం చేయడానికే. లాలాజలం ఊరాక రెండో గుక్క తీసుకుని, పులుపు ఎక్కడ నిలిచిందో గమనించండి. లాక్టిక్ ఆమ్లం నాలుక పక్కల గుండ్రంగా, మెత్తగా పరుచుకుంటుంది. ఎసిటిక్ ఆమ్లం గొంతులో గుచ్చుతుంది, ముక్కులోకి ఎక్కుతుంది. మొదటిది ముందుండి రెండోది ఒక మెరుపులా తగిలి తప్పుకుంటే అది మంచి పీపా.

మూడో గుక్కలో తీపి కోసం వెతకండి. ముక్కు చెర్రీ అంటోంది కాబట్టి మెదడు తీపి వస్తుందని ఎదురు చూస్తూనే ఉంటుంది. రాదు. అది రాని చోట తొక్క వగరు, గింజ చేదు, చెక్క నుంచి వచ్చిన బిగువు ఒక్కొక్కటిగా పైకి తేలతాయి. పండును అంత వివరంగా నేను ఇంకెక్కడా చూడలేదు. మింగాక చిగుళ్ళు కాస్త ఆరినట్టుంటాయి. అప్పుడు నోట్లో మిగిలే రుచిని వెంటనే ఇంకో గుక్కతో కడిగేయకండి. ఒక నిమిషం ఆగండి.

అరగంటలో గ్లాసు కాస్త వెచ్చబడుతుంది. అప్పుడు మళ్ళీ వాసన చూడండి, మొదట దొరకనివి దొరుకుతాయి. ఆల్కహాల్ ఐదారు శాతమే కాబట్టి తొందరపెట్టేది ఏమీ లేదు. పక్కన బ్రస్సెల్స్‌వాళ్ళు పెట్టుకునేది రొట్టె ముక్క మీద మెత్తటి తెల్ల చీజ్, పైన ముల్లంగి ముక్కలు. ఆ పాలకమ్మదనం పులుపును ఆపుతుంది, ముల్లంగి కారం నోటిని మళ్ళీ మేల్కొలుపుతుంది.

ఒక హెచ్చరిక. దుకాణాల్లో క్రీక్ పేరుతో దొరికేవాటిలో చాలా వాటికి చెర్రీరసం, చక్కెర కలిపి తియ్యగా చేస్తారు. తియ్యటి పానీయంగా వాటిని ఇష్టపడేవారున్నారు, తప్పులేదు. కానీ నేను చెప్పిన అనుభవం వాటిలో ఉండదు. ఔడ క్రీక్ అని రాసి ఉన్న సీసాను వెతకండి. ఆ పేరుకు ఐరోపా సమాఖ్య రక్షణ ఉంది.

ఇవి ఎందుకంత అరుదో ఒక్క ఉదాహరణ చెబుతాను. బ్రస్సెల్స్ పక్కన బేర్సెల్‌లో డ్రీ ఫాంటైనెన్ అనే మరో గొప్ప సంస్థ ఉంది. చుట్టుపక్కల పెరళ్ళలో మిగిలిన చెట్ల నుంచి అసలైన స్కార్‌బేక్ చెర్రీలు ఏరించి క్రీక్ చేస్తారు. 2009 మేలో అక్కడ ఉష్ణోగ్రతను అదుపుచేసే పరికరం చెడిపోయి గిడ్డంగి వేడెక్కింది. వేల సీసాలు పాడయ్యాయి, కొన్ని పేలిపోయాయి. యజమాని అర్మాండ్ దెబెల్డర్ చెడిన బీరులో కొంత బట్టీ పెట్టించి సారా చేసి అమ్మాడు, ఆ డబ్బుతో నిలదొక్కుకున్నాడు. 2022లో ఆయన చనిపోయేనాటికి ఆ సంస్థ పేరు ప్రపంచమంతటా తెలిసిపోయింది. మూడేళ్ళ పని ఒక్క రాత్రి వేడికి పోగలదు, తిరిగి తెచ్చుకోవాలంటే మళ్ళీ మూడేళ్ళు పడుతుంది.

అందుకే ఇలాంటి సీసా దొరికితే ఒక్కరే కూర్చుని తాగకండి. ముప్పావు లీటరు సీసా నలుగురైదుగురికి చాలు. వీలైతే పండు కలపని లాంబిక్ ముందు, ఆ తర్వాత గ్యూజ్, చివర్న క్రీక్ వరుసగా పెట్టుకోండి. పండు ఏం చేర్చిందో అప్పుడు తేటగా తెలుస్తుంది. ఎవరికి ఏ వాసన తగిలిందో చెప్పుకోండి. పక్కవారు చెప్పగానే మీకూ ఆ వాసన దొరకడం మీరే చూస్తారు. చివర మిగిలిన రెండు వేళ్ళ మడ్డిని పారబోయకుండా వేరే గ్లాసులో పోసి అది కూడా రుచి చూడండి. కాస్త మసకగా, చిక్కగా, రొట్టెవాసనతో ఉంటుంది. పీపాలో అన్నేళ్ళు పనిచేసిన ఈస్ట్ అది.