కాగితంలో ఒక నాన్న, జ్ఞాపకంలో ఇద్దరు



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అన్నకు ఒక సంబంధం చూశారు. ఇంటిపేరు వేరు, సగ వేరు. వాళ్లు నాలుగు దేవుళ్ల వాళ్లు, మేము ఆరు దేవుళ్ల వాళ్లం. ఇంక అడ్డేముంది అనుకున్నాం. అప్పుడు మా ముసలి మేనత్త అన్నది: "ఆ పిల్ల నీకు చెల్లె అయితది రా."

సంగతేందంటే, మా తాతను చిన్నప్పుడే ఆయన మేనమామ పెంచుకున్నాడు. ఇంటిపేరు మారింది, దేవుళ్లు మారారు. తాతకు తోడబుట్టిన తమ్ముని మనుమరాలే ఆ పిల్ల. ఈ మాట తెలిసిన మనిషి మేనత్త ఒక్కతే మిగిలింది. ఇంకో రెండేళ్లు ఆలస్యమైతే ఎవరు చెప్పేవాళ్లు?

పోడు పట్టాకు దరఖాస్తు పెట్టినప్పుడు అదే తాత పేరు మళ్లీ అడ్డం పడ్డది. పాత పహాణీలో పెంచిన తండ్రి పేరుంది, ఓటరు లిస్టులో కన్న తండ్రి పేరుంది. "ఇద్దరూ ఒకే మనిషని రుజువేంది?" అని అడిగారు. దత్తత కాగితం మా దగ్గర లేదు. మన తాతల కాలంలో ఎవరి దగ్గర ఉంది?

ఇక్కడ ఒకటి గుర్తు పెట్టుకోండి. 1956 హిందూ దత్తత చట్టం షెడ్యూల్డ్ తెగలకు దానంతట అది వర్తించదు. మన దత్తతకు ఆధారం మన ఆచారమే. కానీ ఆచారాన్ని రుజువు చేసుకోవాల్సింది మనమే. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన 2008 నిబంధనల్లో 13వ నిబంధన చూడండి. పాత రికార్డుల్లో ఉన్న మనిషితో మన సంబంధం చూపే వంశవృక్షం, పెద్దల మాటను రాసిన వాంగ్మూలం, రెండూ సాక్ష్యాలే. దరఖాస్తుదారు కాని పెద్ద చెప్పాలి. ఒకటి కాదు, ఒకటికి మించి సాక్ష్యాలు పెట్టాలి.

మరి ఎక్కడ వెతకాలి? 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయండి. 1940లలో గోండులకు ఇచ్చిన లావణీ పట్టాలు ఎవరి ఇంటి పెట్టెలోనైనా ఉన్నాయేమో అడగండి. నిజాం కాలం కాగితాలు ఉర్దూలో ఉంటాయి, చదివేవాళ్లను వెతుక్కోండి. బడి అడ్మిషన్ రిజిస్టరు, పాత ఓటరు లిస్టు చూడండి. రాసినవాడు మనవాడు కాదు కాబట్టి ఒకే ఇంటిపేరు నాలుగు తీర్ల ఉంటది. పేరు కలవలేదని వదిలేయకండి, ఊరు, తండ్రి, భూమి కలుస్తున్నాయా చూడండి.

కాగితం కంటే ముందు మన ప్రధాన్‌లు, తోటీలు ఉన్నారు. కిక్రీ వాయిస్తూ మన వంశాల కథ తరతరాలుగా మోసినవాళ్లు వాళ్లే. వాళ్లను అడగకుండా గోండు వంశవృక్షం గీయకండి.

గీసేటప్పుడు కన్న ఇంటికి ఒక గీత, పెంచిన ఇంటికి ఒక గీత పెట్టండి. ఒకటి దాచి ఇంకొకటి రాయకండి. పెంచుకున్నారని చెప్పడం నామోషీ కాదు. తల్లి లేని పిల్లను ఊరు వదిలేయలేదని చెప్పే గీత అది. ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో పక్కనే రాయండి.

ఈ ఆదివారం ఫోన్ పక్కన పెట్టి, లేదంటే రికార్డింగ్ ఆన్ చేసి, మీ ఇంట్లో అందరికన్నా పెద్ద మనిషి దగ్గర కూర్చోండి. ఒక్క ప్రశ్న అడగండి: "మన ఇంట్లో పెంచుకున్నోళ్లు ఎవరు? మన ఇంటి నుంచి పెంపకానికి పోయినోళ్లు ఎవరు?"

మా మేనత్త పోయిన ఏడు వెళ్లిపోయింది. ఆమె చెప్పింది మాత్రం మా నోటుబుక్కులో ఉంది.

జై సేవా.