నేను రాసిన గోటు, ఒక పెద్దాయన 26 నిమిషాలు

ఈ రోజు కొంచెం నా పరువు పోయే టాపిక్. నేను రాసిన స్క్రిప్టు వల్ల ఒక పెద్దాయన 26 నిమిషాలు ఫోన్ పట్టుకుని కూర్చున్నారు.

జాబ్‌లో చేరిన కొత్త. ఒక చిన్న బ్లడ్ టెస్ట్ ల్యాబ్‌కి ఆస్టరిస్క్ మీద ఫోన్ సిస్టమ్ పెట్టాం. 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది, మామూలు కంప్యూటర్‌ని టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లా మార్చేస్తుంది. కాల్ వస్తే ఏం చెయ్యాలో డయల్‌ప్లాన్ అనే స్క్రిప్టులో వరసగా రాస్తాం. కాల్ ఎత్తు, మెసేజ్ వినిపించు, నంబర్ నొక్కేదాకా ఆగు. తప్పు నంబర్ నొక్కితే 'ఐ' అనే ఎక్స్‌టెన్షన్‌కి, అసలేమీ నొక్కకపోతే 'టీ' అనే ఎక్స్‌టెన్షన్‌కి వెళ్తుంది. ఆ 'టీ'లో నేనేం రాశానో తెలుసా? గోటు. మళ్లీ మొదటికి. అంతే!

టెస్టింగ్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. చేసింది నేనే కదా, ఠక్కున 1 నొక్కేసేవాణ్ణి. పెద్దాయన ఏమీ నొక్కలేదు. అవతల మాట్లాడేది మనిషే అనుకుని, "అమ్మా, మా ఆవిడ షుగర్ రిపోర్టు వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నారట. మర్నాడు ల్యాబ్‌కి వచ్చి చెప్పారు. లాగ్ తీస్తే ఒకే కాల్, అదే మెనూ, పదే పదే. నాకు నోట మాట రాలేదు.

ఫిక్స్ చిన్నదే. ఒక వేరియబుల్‌లో లెక్కపెట్టి, మూడోసారి కూడా ఏమీ నొక్కకపోతే గోటుఇఫ్‌తో నేరుగా రిసెప్షన్‌కి పంపాను.

తర్వాత దీని గురించే వెతుకుతుంటే సీపీఎల్ దొరికింది, అంటే కాల్ ప్రాసెసింగ్ లాంగ్వేజ్. 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3880గా వచ్చింది. రాసినవాళ్లలో కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ హెన్నింగ్ షుల్జ్‌రిన్ ఒకరు. ఎక్స్‌ఎంఎల్‌లో రాస్తారు. ఎవరు చేశారు, టైమ్ ఎంత అని చూసి కాల్‌ని దారి మళ్లించొచ్చు. రాత్రి 10 దాటితే వాయిస్‌మెయిల్‌కి, బిజీ అయితే ఇంకో నంబర్‌కి, ఇలా. కానీ ఇందులో లూప్ లేదు, వేరియబుల్స్ లేవు! సబ్‌యాక్షన్ అని ఫంక్షన్ లాంటిది ఉంది గానీ, పైన ముందే రాసినదాన్నే పిలవగలం. సో, రికర్షన్ కూడా కుదరదు.

మర్చిపోయారనుకోకండి, కావాలనే పెట్టలేదు. ఎందుకంటే ఈ స్క్రిప్టు రాసేది మనలాంటి యూజర్, నడిచేది అందరి కాల్స్ వెళ్లే సర్వర్ మీద. నా తప్పుకి పక్కవాడి ఫోన్ ఆగకూడదు. బీటెక్‌లో ట్యూరింగ్ కంప్లీట్ అంటే అదేదో కిరీటంలా చెప్పారు మనకి. ఇక్కడ అది వద్దనుకోవడమే తెలివి అని నాకనిపించింది.

అలాగని నా ల్యాబ్ మెనూ సీపీఎల్‌లో రాయలేను. నొక్కిన అంకెలు వినడం దాని పని కాదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. నా స్క్రిప్టు కాల్‌ని మీకు పంపి, మీది మళ్లీ నాకే పంపితే? రెండూ విడివిడిగా కరెక్టే, కాల్ మాత్రం మన మధ్య బంతి. అక్కడ కాపాడేది సిప్ ప్రోటోకాల్. మ్యాక్స్ ఫార్వర్డ్స్ అనే అంకె మామూలుగా 70తో మొదలై, దాటిన ప్రతి సర్వర్ దగ్గరా ఒకటి తగ్గుతుంది. సున్నా అయ్యాక ఇంకా ముందుకి పంపాల్సి వస్తే, సర్వర్ 483 ఎర్రర్ ఇచ్చి కాల్‌ని వెనక్కి పంపేస్తుంది.

సరే, ఇప్పుడు స్క్రీన్ మీద నా పాత 'టీ' ఎక్స్‌టెన్షన్ చూపిస్తా. నవ్వకండి ప్లీజ్.