అడిగినవారికంటె నొకటి తక్కువ



నేడు మీకొక మోటారుబండిని గూర్చి విన్నవింపదలచితిని. అది ఇటలీదేశమున మోడెనా పట్టణమునకు సమీపమందున్న మారనెల్లో యను నూర, ఫెరారీ కంపెనీవారి కర్మాగారములో తయారైనది. దానికి ఎఫ్ 50 అని పేరు. 1995 మొదలు 1997 వఱకు ప్రపంచమంతటికిని 349 బండ్లు మాత్రమే చేసి, పిమ్మట నిలిపివేసిరి. కొనగోరువారు 350 మంది యుందురని లెక్కవేసి, కావలెననియే యొకటి తగ్గించిరట. అడిగినవారికంటె నొకటి తక్కువ చేయవలెననుట, ఆ కంపెనీని స్థాపించిన ఎంజో ఫెరారీ నాటినుండి వచ్చుచున్న నియమమని చెప్పుదురు. ఆ యొక్క బండిని చేయకపోవుటచేత తక్కిన బండ్ల గతి యేమైనదో విచారింతము.

ఎంజో ఫెరారీ 1898వ సంవత్సరమున మోడెనాలో జన్మించెను. ఆయన మనస్సు బండ్ల యమ్మకముమీద గాక పందెములమీద నుండెడిది. 1947లో తన పేరిట మొదటి బండిని వెలువరించి, పందెముల వ్యయమునకై ధనికులకు బండ్లమ్మెను. 1988లో గతించెను. 1997 నాటికి కంపెనీకి ఏబది యేండ్లు నిండుచుండగా, ఆ యుత్సవమునకు గుర్తుగా నీ బండిని సంకల్పించి, రెండేండ్లు ముందుగనే స్విట్జర్లాండు దేశములోని జెనీవా ప్రదర్శనమున లోకమునకు జూపిరి.

దీని విశేషము రూపమునకంటె పుట్టుకలో నున్నది. 1990లో ఫార్ములా వన్ అనెడు పందెములలో ఫెరారీవారి 641 అను బండి పరుగెత్తినది. ఆ యేట ఫ్రాన్సు దేశీయుడగు అలైన్ ప్రోస్ట్ అయిదు పందెములును, ఆంగ్లేయుడగు నైజెల్ మాన్సెల్ ఒకటియు గెలిచిరి. ఆ బండి ఇంజనునే మార్చి ఎఫ్ 50లో నమర్చిరి. దానికి సిలిండర్లు పండ్రెండు. ఇంధనముతో గూడిన గాలిని లోనికి గొనుటకును, పొగను వెలికి బంపుటకును ఒక్కొక్క సిలిండరునకు అయిదేసి కవాటములు, వెరసి అఱువది. పందెపు ఇంజను నిమిషమునకు 12,000లకు మించి చుట్లు తిరుగును. పందెము ముగియగానే దానిని విప్పి బాగుచేయవలెను. నిత్యము బాటమీద బోవు బండికి ఆ పద్ధతి చెల్లదు. కావున చుట్లను 8,500 కడకు దగ్గించి, ఆ లోటును పూరించుటకు 3.5 లీటర్ల ఇంజనును 4.7 లీటర్లకు బెంచిరి. దానికి 520 గుఱ్ఱముల బలము. బండికి గంటకు 325 కిలోమీటర్ల వేగము.

మనుష్యులు కూర్చుండు తొట్టిని ఇనుముతో గాక కార్బను నారతో జేసిరి. ఆ నారను బట్టవలె నేసి, జిగురు పట్టించి, పొరలుగా బేర్చి, ఒత్తిడిలో వేడిచేయగా, అది ఉక్కుకంటె తేలికయై మిక్కిలి గట్టిపడును. ఇంజనును నేరుగా నా తొట్టికే బిగించిరి. నడుమ రబ్బరు మెత్తలు లేవు. అందుచే ఇంజను అదురు కూర్చున్నవాని యెముకలకు దెలియును. స్టీరింగు చక్రము త్రిప్పుటకు యంత్రసాహాయ్యము లేదు. బ్రేకు నొక్కుటకును లేదు. తలుపుల యద్దములను చేతితో ద్రిప్పి దింపుకొనవలెను. రేడియో సైతము అమర్చలేదు గనుక, ఈ ప్రసంగము ఆ బండిలో వినబడదు! ఇంత ధనము పోసినవానికి సుఖమేల తగ్గించిరన, బరువు తగ్గుటకును, నడుపువానికి బాట స్వయముగా దెలియుటకును. ఆ బండిని చేసినవారి సంకల్పమంతయు పరుగే.

ఇక దానికి బట్టిన గతి వినుడు. క్రొత్తగా నమ్మినపుడు అమెరికాలో దాని వెల 5 లక్షల డాలర్లకు లోపుగ నుండెను. కొన్న వెంటనే లాభమునకు మాఱమ్ముదురను శంకచే, అచ్చట మొదట రెండేండ్లు అద్దె పద్ధతిమీదనే బండ్లనిచ్చిరి. ఆ కట్టుబాటు ఎంతకాలము నిలుచును? 2022లో అమెరికాలో జరిగిన వేలములో నట్టి బండి యొకటి 46 లక్షల డాలర్లకు పైగా పలికినది. ఇట్టి వేలములలో ముఖ్యమైన ప్రశ్న, బండి యెంత దూరము నడిచినదనుట. తక్కువ నడిచినకొలది వెల యెక్కువ. అందుచే పలువురు దానిని కొట్టులో బెట్టి తాళము వేయుచున్నారు. మైలు నడిపిన, మైలునకు దగిన ధనము పోవునని వారి వెఱపు.

దాచుట దోషమని నేననను. 1990 నాటి పందెపు బండి యొకటి న్యూయార్కు నగరములోని ఆధునిక కళల ప్రదర్శనశాలకు జేరినది. అది యుచితమే, ఆ బండి తన పరుగు తాను ముగించి, పదిమంది చూచునట్టి చోట విశ్రమించినది. దాని బిడ్డయో, పని మొదలుపెట్టకయే యొకని చీకటికొట్టులో నున్నది. ఈ భేదమును గమనింపవలెను.

మఱియు, దాచినంతమాత్రమున వస్తువు నిలువదు. ఎఫ్ 50లో పెట్రోలు నిలువచేయు సంచి, విమానములలో వలె, రబ్బరుతో జేసినది. బండి నడిచినను నడువకున్నను రబ్బరు కాలముతో జెడును. కొన్ని యేండ్లకు మార్చి తీరవలెను. కదలని కీలు పట్టుకొనును. మన దేవాలయముల రథమును జూడుడు. ఏడాది పొడుగున పాకలోనే యుండును. ఐనను ఉత్సవమునాడు ఇరుసులకు నూనెపెట్టి, మోకులు గట్టి, ఊరంతయు లాగి వీథులలో ద్రిప్పుదురు. ఆ యొక్కనాటి కదలికచేతనే అది రథము. లేనిచో చెక్కడపు కఱ్ఱలప్రోవు.

ఒక బండిని తగ్గించుటచేత కొఱత పుట్టినది. కొఱత వెలను బెంచినది. వెల భయమును దెచ్చినది. భయము చక్రములను నిలిపినది. పందెము గెలువవలెనను నొకని జీవితాశనుండి పుట్టిన యంత్రమునకు, కదలకుండుటయే విలువ యగుట వింత గాదా? ఐనను, వెల తగ్గునని యెఱిగియు దానిని బాటమీదికి దెచ్చి నడుపువారు నేటికిని కొందఱు గలరు. లెక్కలలో వారు నష్టపోదురు. కాని నా తలంపున ఆ బండికి యజమానులు వారే. తక్కినవారు దానికి కావలివాండ్రు.